నెట్ న్యూట్రాలిటీ: సిరొంచ ఒడ్డున దానికి సంబంధించినదేది, సంబంధం లేనిదేది

తెలంగాణ సరిహద్దున మహారాష్ట్రలో ఉన్న గడ్చిరోలీ జిల్లా సిరొంచలో ఏ మొబైల్ రీఛార్జ్ దుకాణం ముందైనా కాసేపు నిలబడితే చాలు, ఇంటర్నెట్ మీద జనానికున్న కోపమంతా వినొచ్చు. "మూడొందలు వెట్టి రీఛార్జ్ ఏపిస్తి అన్నా, ఊర్లకు పోతే ఒక్క గీత గూడ వస్తలేదు" అంటాడొకడు. పోయినేడాది కంటే ప్యాక్ ధర పెరిగిందని ఇంకొకరి గొణుగుడు. ఎక్కడో గొడవైతే నెట్ బందు పెట్టిండ్రని మరొకరు. ఇంతలో చదువుకున్న కుర్రాడెవరో "నెట్ న్యూట్రాలిటీ లేకుంటే గిట్లనే ఉంటది" అని తీర్పు చెప్పేస్తాడు.

అక్కడ వినిపించిన మూడు ఫిర్యాదుల్లో ఒక్కటి కూడా నెట్ న్యూట్రాలిటీ కిందికి రాదు. సిగ్నల్ లేకపోవడం టవర్ల సంగతి. ధర పెరగడం టారిఫ్ సంగతి. బందు పెట్టడం శాంతిభద్రతల చట్టం సంగతి. ఇవన్నీ ఒకే ఫోన్‌లో, ఒకే రోజు ఎదురవుతాయి కాబట్టి అన్నింటినీ ఒకే పేరుతో తిడుతున్నాం. తిట్టడం వరకు ఫరవాలేదు గానీ, ప్రభుత్వం ఒక నియమం తెచ్చినప్పుడు అది మనకు మేలా కీడా తేల్చుకోవాలంటే ముందు ఈ చిక్కుముడి విప్పుకోవాలి.

## ఆ మాటకు అసలు అర్థం

వంతెన కట్టకముందు సిరొంచ నుంచి కాళేశ్వరానికి పడవలోనే దాటేవాళ్లు. పడవవాడు మనిషికింత అని తీసుకుంటాడు. అంతేగానీ గంప మీది బట్ట తీసి చూసి "మిరపకాయలైతే పది, పలానా సేటు దుకాణం సరుకైతే ఊరికే, ఆయనతో పోటీపడేవాడి సరుకైతే సాయంత్రం దాకా ఆగు" అనడు. అంటే ఊరుకోం. నెట్ న్యూట్రాలిటీ అడిగేది కూడా ఇంతే. మీకు ఇంటర్నెట్ అమ్మే కంపెనీ డేటాకు డబ్బు తీసుకోవచ్చు, కానీ ఆ డేటాలో మీరు చూసేది యూట్యూబా, వాట్సాపా, ఒడిశాలోని పర్లాకిమిడిలో ఎవరో నడిపే చిన్న వెబ్‌సైటా అని చూసి తేడా చేయకూడదు. ఒకదాన్ని ఆపకూడదు, కావాలని నెమ్మదింపజేయకూడదు, ఒకదానికో ధర మరొకదానికో ధర పెట్టకూడదు.

ఈ పేరు పెట్టింది అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యుడు టిమ్ వూ, 2003లో. మన దేశంలో దీనికంటూ పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టం లేదు. నియమాలు రెండు ముక్కలుగా వచ్చాయి. ధరల్లో తేడా చూపకూడదన్నది టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016 ఫిబ్రవరి 8న ఇచ్చిన నిబంధన. ఆపడం, నెమ్మదింపజేయడం కూడదన్నది 2017 నవంబరులో ట్రాయ్ చేసిన సిఫార్సు. టెలికాం శాఖ దాన్ని 2018 జూలైలో ఆమోదించి, సెప్టెంబరులో కంపెనీల లైసెన్సు షరతుల్లో చేర్చింది. ధర నిబంధనను ఉల్లంఘిస్తే రోజుకు 50,000 రూపాయల చొప్పున, గరిష్ఠంగా 50 లక్షల దాకా జరిమానా. వేల కోట్ల వ్యాపారం చేసే కంపెనీలకు ఇదొక లెక్కా అని అప్పట్లోనే చాలామంది అన్నారు. నాకూ అలాగే అనిపిస్తుంది.

## 2015లో జనం ఎందుకు కదిలారు

2014 డిసెంబరులో ఎయిర్‌టెల్ ఒక ప్రకటన చేసింది. స్కైప్, వైబర్ లాంటి యాప్‌ల నుంచి ఇంటర్నెట్ కాల్ చేస్తే మామూలు డేటా ప్యాక్ పనికిరాదు, వేరే ధర కట్టాలని. జనం మండిపడ్డారు, కొద్ది రోజుల్లోనే కంపెనీ వెనక్కి తగ్గింది. తర్వాత 2015 మార్చి 27న ట్రాయ్ 118 పేజీల చర్చాపత్రం విడుదల చేసి, ఇలాంటి యాప్‌లను ఎలా నియంత్రించాలో చెప్పమంటూ 20 ప్రశ్నలు వేసింది.

118 పేజీల ఇంగ్లిషు పత్రం ఎవరు చదువుతారు? మామూలుగా అయితే కంపెనీల లాయర్లు, ఢిల్లీలోని ఒకటి రెండు సంస్థలు. ఆ ఏడాది మాత్రం కొందరు స్వచ్ఛంద కార్యకర్తలు దాన్ని కుదించి, జవాబులు తయారు చేసి, ఒక్క నొక్కుతో ఈమెయిల్ వెళ్లేలా ఏర్పాటు చేశారు. పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. ట్రాయ్ వాటన్నింటినీ పంపినవాళ్ల ఈమెయిల్ చిరునామాలతో సహా తన వెబ్‌సైట్‌లో పెట్టేసింది. స్పామ్ పంపేవాళ్లకు ఇంతకన్నా పండగ ఏముంటుంది! అదీ ఒక గొడవైంది.

అదే సమయంలో ఎయిర్‌టెల్ జీరో అనే పథకం వచ్చింది. యాప్ కంపెనీ డబ్బు కడితే ఆ యాప్ వాడేవాడికి డేటా ఖర్చు ఉండదు. ఇందులో చేరాలనుకున్న ఫ్లిప్‌కార్ట్ జనాగ్రహం చూసి ఏప్రిల్‌లో తప్పుకుంది. టెలికాం కంపెనీల సంఘం కూడా ఊరుకోలేదు. అందరికీ ఇంటర్నెట్ చేరడమే ముఖ్యమంటూ ఎదురు ప్రచారం మొదలుపెట్టింది.

అసలు పోరు ఫేస్‌బుక్‌తో. రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి 2015 ఫిబ్రవరిలో, కొన్ని సైట్లను డేటా ఖర్చు లేకుండా చూపే ఇంటర్నెట్.ఆర్గ్ అనే సేవను ఫేస్‌బుక్ ప్రారంభించింది. సెప్టెంబరులో పేరు ఫ్రీ బేసిక్స్‌గా మారింది. మొదట కొన్ని రాష్ట్రాల్లోనే ఇచ్చారు. అందులో మహారాష్ట్ర ఉంది, తెలుగు రాష్ట్రాలు ఉన్నాయి, ఒడిశా లేదు. అంటే సిరొంచలోని తెలుగువాడికి దొరికింది, రాయగడలోని తెలుగువాడు దేశమంతటికీ విస్తరించే దాకా ఆగాల్సి వచ్చింది.

## ఏమీ లేనిదానికంటే ఏదో ఒకటి నయం కాదా

ఫ్రీ బేసిక్స్‌ను సమర్థించినవాళ్ల వాదనను నగరాల్లో చాలామంది వెటకారంగా కొట్టిపారేశారు. అది సరికాదు. వాదన ఇది: డేటా కొనే స్తోమత లేనివాడికి వాతావరణం, వార్తలు, ఉద్యోగ సమాచారం ఉన్న కొన్ని సైట్లయినా ఉచితంగా దొరికితే మంచిదే కదా. ఆకలిగా ఉన్నవాడికి పూర్తి భోజనం పెట్టలేనప్పుడు గంజి కూడా పోయకూడదా? మిరప కూలికి పోయి రోజు గడుపుకునే ఇంట్లో ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం అంత తేలిక కాదు.

వ్యతిరేకించినవాళ్లు రెండు విషయాలు ఎత్తిచూపారు. ఆ ఉచిత జాబితాలో ఏ సైట్లు చేరవచ్చో షరతులు పెట్టేది ఒకే కంపెనీ. వీడియో, ఇంటర్నెట్ కాల్స్ లాంటివి అందులో ఉండవు. సరిహద్దులో తెలుగు బడి లేని ఊళ్లో పిల్లాడు తెలుగు పాఠం వీడియో చూడాలంటే ఆ ఉచితం అక్కరకు రాదు.

రెండోది పోటీ గురించి. దీన్ని లెక్క వేసి చూద్దాం. రాయగడలో ఒక మాస్టారు ఒడిశా పోటీ పరీక్షలకు తెలుగులో పాఠాలు చెప్పే యాప్ నడుపుతున్నారనుకుందాం. వెయ్యిమంది పిల్లలు రోజూ గంటసేపు చూస్తారు. తక్కువ నాణ్యతలో గంట వీడియోకు 300 ఎంబీ అనుకుంటే రోజుకు 300 జీబీ. జీబీ తొమ్మిది రూపాయల చొప్పున రోజుకు 2,700, నెలకు 81,000 రూపాయలు. ఎయిర్‌టెల్ జీరో లాంటి పథకంలో ఈ డబ్బు మాస్టారు కట్టాలి. ఆయన కట్టలేరు. దేశమంతా వ్యాపారం ఉన్న కోచింగ్ కంపెనీకి అది చిల్లర. పిల్లల వైపు నుంచి చూస్తే, కంపెనీ పాఠం ఉచితం, మాస్టారి పాఠానికి డేటా ఖర్చు. ఏడాది తిరిగేసరికి మాస్టారు యాప్ మూసేస్తారు. ఎవరూ ఆయన్ను అడ్డుకోలేదు, నెమ్మదింపజేయలేదు. ధరలో తేడా ఒక్కటే ఆ పని చేసింది.

నా మటుకు ధరల్లో తేడా కూడదని ట్రాయ్ 2016లో తీసుకున్న నిర్ణయం సరైనదే. అయితే నన్ను ఒప్పించింది ఈ రెండింటికంటే మూడో కారణం, దాని గురించి అప్పట్లో పెద్దగా చర్చ జరగలేదు. ఫ్రీ బేసిక్స్ పనిచేయాలన్నా టవర్ ఉండాలి. సిరొంచ పట్టణంలో డేటా కొనగలిగినవాడికి అది అదనపు సౌకర్యం. అడవిలో సిగ్నలే లేని ఊరికి గంజి గిన్నె చేరే దారే లేదు. "ఏదో ఒకటి" అని ఎవరి పేరు చెప్పి అడిగారో ఆ ఊళ్లలో చాలావాటికి అది అందేదే కాదు.

2016 ఫిబ్రవరి నిర్ణయం తర్వాత మూడు రోజులకే ఫేస్‌బుక్ ఫ్రీ బేసిక్స్‌ను భారత్‌లో ఆపేసింది. అదే ఏడాది సెప్టెంబరులో జియో వచ్చి డేటా ధరను నేలకు దించింది. దాంతో ఆ చర్చ సగం దానంతటదే చల్లారింది. డిసెంబరులో ట్రాయ్ ఇంకో సూచన చేసింది, దాన్ని అందరూ మరచిపోయారు: గ్రామీణ వినియోగదారులకు నెలకు 100 ఎంబీ డేటా ప్రభుత్వ నిధితో ఉచితంగా ఇవ్వమని. ఏ సైట్ చూసినా సరే. ఉచితానికీ నెట్ న్యూట్రాలిటీకీ వైరం లేదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనపడలేదు.

## నియమంలో ఉన్న సందులు

నియమం ఉంది కదా అని అన్నీ సమానమే అనుకోకూడదు. అత్యవసర సమయాల్లో కొన్ని సేవలను ఉచితంగా ఇవ్వొచ్చు. ఇంటర్నెట్‌తో సంబంధం లేకుండా కంపెనీ సొంత మూసిన నెట్‌వర్క్‌లో నడిచే సేవలకు ధర నిబంధన వర్తించదు. పెద్ద కంపెనీలు తమ వీడియోలను ఊరూరా సర్వర్లలో దాచిపెట్టుకునే ఏర్పాటును కూడా 2018 షరతులు ముట్టుకోలేదు. ఆ ఏర్పాటు వల్లే పెద్ద కంపెనీ సినిమా చటుక్కున మొదలై, చిన్న సైట్ వీడియో గిర్రున తిరుగుతూ కూర్చుంటుంది. అది నేరం కాదు.

ప్యాక్‌తో పాటు ఓటీటీ చందా ఉచితమని ఇచ్చే ఆఫర్లూ అంతే. చందా ఉచితమేగానీ, చూసినప్పుడు ఖర్చయ్యే డేటా మీ కోటాలోంచే పోతుంది. కాబట్టి నిబంధన దాటినట్టు కాదు.

2020లో ఒక ఆసక్తికరమైన కేసు వచ్చింది. ఎక్కువ డబ్బు కట్టే పోస్ట్‌పెయిడ్ వినియోగదారులకు మిగతావాళ్లకంటే ముందు వేగం ఇస్తామని ఎయిర్‌టెల్ ప్లాటినం, వొడాఫోన్ ఐడియా రెడ్‌ఎక్స్ ప్లాన్లు చెప్పాయి. జూలైలో ట్రాయ్ వాటిని ఆపమంది. వొడాఫోన్ ఐడియా టెలికాం ట్రిబ్యునల్‌కు వెళ్లి తాత్కాలిక ఊరట తెచ్చుకుంది. ఇక్కడ చిక్కు ఏమిటంటే, నెట్ న్యూట్రాలిటీ నియమం సైట్ల మధ్య తేడా వద్దంటుంది, మనుషుల మధ్య తేడా గురించి అంత స్పష్టంగా మాట్లాడదు. కానీ ఒక టవర్‌కు ఉన్న సామర్థ్యం ఒకటే. వారం సంతరోజు ఆ టవర్ కింద వందల ఫోన్లుంటే, ఒకరిని ముందు నిలబెట్టడమంటే మిగతావాళ్లను వెనక్కి నెట్టడమే. 5జీలో ఒకే నెట్‌వర్క్‌ను వేర్వేరు వేగాల పాయలుగా చీల్చడం సాధ్యం కాబట్టి ఈ ప్రశ్న మళ్లీ తలెత్తుతోంది.

## టవర్, ధర, బందు: వేరే ఖాతాలు

సరిహద్దులో ఎక్కువ బాధ ఉన్నది ఇక్కడే.

ముందు ధర. మన దేశంలో డేటా ధరను ట్రాయ్ నిర్ణయించదు, కంపెనీల ఇష్టానికే వదిలేసింది. 2024 జూలై మొదట్లో పెద్ద ప్రైవేటు కంపెనీలన్నీ రోజుల తేడాతో ధరలు పెంచాయి. జియోలో 28 రోజులకు రోజుకు 1.5 జీబీ ఇచ్చే ప్యాక్ 239 నుంచి 299 రూపాయలైంది, అంటే నూటికి పాతిక పెరుగుదల. అన్ని సైట్లకూ సమానంగానే పెరిగింది కాబట్టి నెట్ న్యూట్రాలిటీకి ఏ భంగమూ లేదు! డేటా అసలు వాడని ముసలివాళ్లు కూడా డేటా ప్యాకే కొనాల్సి వస్తోందన్న ఫిర్యాదుల తర్వాత, కాల్స్, ఎస్సెమ్మెస్‌ల కోసమే వేరే ప్యాక్ ఉండి తీరాలని 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించింది.

ఇక ఆ 299లో టవర్ కథ దాగి ఉంది. జీఎస్టీ 18 శాతం తీసేస్తే కంపెనీకి మిగిలేది సుమారు 253 రూపాయలు. టెలికాం కంపెనీలు తమ సర్దుబాటు చేసిన ఆదాయంలో 5 శాతం మారుమూల ప్రాంతాల సేవల నిధికి కట్టాలి. ఇదివరకు యూఎస్ఓ ఫండ్ అనేవారు, ఇప్పుడు డిజిటల్ భారత్ నిధి. స్థూలంగా లెక్కిస్తే మీ ఒక్క రీఛార్జ్‌లో 12 రూపాయలు దాటి ఆ నిధికి పోతున్నట్టు. సిగ్నల్ లేని ఊరివాడు పట్నానికొచ్చి రీఛార్జ్ చేయించుకున్నా అతనూ కడుతున్నాడు.

ఆ డబ్బుతోనే అడవి ఊళ్లకు టవర్లు రావాలి. 2021 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, మహారాష్ట్ర, ఒడిశాల్లోని ఆకాంక్షిత జిల్లాల్లో (వెనుకబడినవిగా కేంద్రం గుర్తించిన జిల్లాలు) 4జీ లేని 7,287 గ్రామాలకు సుమారు 6,466 కోట్లు మంజూరు చేసింది. 2022 జూలైలో దేశవ్యాప్తంగా మరో 24,680 గ్రామాలకు 26,316 కోట్లు. గడ్చిరోలీ, మల్కన్‌గిరి, కోరాపుట్, రాయగడ, గజపతి అన్నీ ఆకాంక్షిత జిల్లాలే. మంజూరుకూ, టవర్ మీద లైటు వెలగడానికీ మధ్య అటవీ అనుమతి, కరెంటు, రోడ్డు, ఒకప్పుడు మావోయిస్టుల భయం ఉన్నాయి. ఉపాధి హామీ పనికి వచ్చిన కూలీల ఫోటోను యాప్‌లో ఎక్కించాలని 2023 జనవరి 1 నుంచి అన్ని పని స్థలాల్లో తప్పనిసరి చేశారు. ఇటు మహారాష్ట్రలో రైతు తన పంటను సాత్‌బారా అనే భూమి రికార్డులో ఎక్కించుకోవాలంటే చేలో నిలబడి ఈ-పీక్ పాహణీ యాప్‌లో ఫోటో తీయాలి. ప్రభుత్వం అడిగే పనికే సిగ్నల్ కావాలి, ఆ సిగ్నల్ తెచ్చే బాధ్యతా ప్రభుత్వ నిధిదే. నెట్‌లో అన్ని సైట్లూ సమానమైనా, నెట్టే లేని చేలో నిలబడ్డ రైతుకు ఆ సమానత్వంతో ఒరిగేదేముంది?

సర్కిల్ తంటా సరిహద్దు వాళ్లకే తెలుస్తుంది. టెలికాం పటంలో మహారాష్ట్ర ఒక సర్కిల్, ఒడిశా ఒకటి, తెలంగాణ విడిపోయినా రెండు తెలుగు రాష్ట్రాలూ కలిసి ఇంకా ఒకటే. సిరొంచలో కొన్న సిమ్ మహారాష్ట్రది, ఒడ్డుకు వెళ్తే ఫోన్ అవతలి గట్టు టవర్‌ను పట్టుకుంటుంది. ఒకప్పుడు అలా పట్టుకున్నందుకు రోమింగ్ కింద డబ్బు కోసేవారు, ఇప్పటి ప్యాకుల్లో ఆ బాధ పోయింది. కస్టమర్ కేర్ మాత్రం నంబరు ఏ సర్కిల్‌దో చూసి మరాఠీలోనో హిందీలోనో పలుకుతుంది. "తెలుగుకు ఎంత నొక్కాలె?" అని అడిగే అవ్వకు ఏ అంకె చెప్పాలి? ఈ చీకాకు మాత్రం ఏ నియమావళిలోనూ కనపడదు.

ఇక బందు. ఇది 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం, 2024 నవంబరు నియమాల కిందికి వస్తుంది. రాష్ట్ర హోంశాఖ కార్యదర్శి స్థాయిలో, కారణం రాసి, ఉత్తర్వు ప్రకటించి, ఒక్కసారికి 15 రోజులకు మించకుండా ఆపొచ్చు. ఉత్తర్వులు బయటపెట్టాలని, కశ్మీర్‌లో నెట్ బందు మీద వేసిన అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు 2020 జనవరి 10న చెప్పింది. 2023 ఏప్రిల్‌లో ఒడిశాలోని సంబల్‌పూర్‌లో గొడవలప్పుడు ఇలాగే నెట్ ఆపారు. ఒక్క యాప్‌ను ప్రభుత్వం నిషేధించడం ఇంకో దారి, ఐటీ చట్టం 69ఏ సెక్షన్. 2020 జూన్‌లో టిక్‌టాక్ పోయింది ఆ దారినే. నెట్ న్యూట్రాలిటీ కట్టడి చేసేది కంపెనీని, ప్రభుత్వాన్ని కాదు. ఇది లోపమనేవాళ్లున్నారు, రెండూ వేర్వేరు సమస్యలు కాబట్టి వేర్వేరు చట్టాలే మేలనేవాళ్లూ ఉన్నారు.

## ప్రజాభిప్రాయం అంటే ఎవరి అభిప్రాయం

2015 డిసెంబరులో ట్రాయ్ రెండోసారి అభిప్రాయాలు అడిగినప్పుడు దాదాపు 24 లక్షల స్పందనలు వచ్చాయి. ఎక్కువ భాగం ఫేస్‌బుక్ తన వినియోగదారులతో పంపించినవి. ఫ్రీ బేసిక్స్ కావాలి అన్నారేగానీ, అడిగిన ప్రశ్నలకు జవాబు లేదు. ఇది చర్చను ఓట్ల లెక్కగా మార్చడమేనని ట్రాయ్ ఆ కంపెనీని తప్పుబట్టింది. నిజమే, కానీ మొదటి విడతలో వచ్చిన పది లక్షల ఈమెయిళ్లలో కూడా చాలావరకు ఒకే నమూనావి.

అమెరికాలో ఇంకా విడ్డూరం జరిగింది. 2017లో నెట్ న్యూట్రాలిటీ నియమం రద్దు మీద అక్కడి నియంత్రణ సంస్థకు దాదాపు 2.2 కోట్ల వ్యాఖ్యలు వస్తే, సుమారు 1.8 కోట్లు నకిలీవని న్యూయార్క్ అటార్నీ జనరల్ 2021లో తేల్చారు. 85 లక్షలు ఇంటర్నెట్ కంపెనీలు డబ్బు పెట్టిన ప్రచారం నుంచి. మరో 77 లక్షలు నెట్ న్యూట్రాలిటీ కావాలంటూ ఒకే ఒక్క 19 ఏళ్ల విద్యార్థి పంపినవి. అక్కడ నియమం 2015లో వచ్చి, 2017లో రద్దయి, 2024లో తిరిగొచ్చి, 2025 జనవరి 2న కోర్టులో వీగిపోయింది. మన నియమం ఆ ఊగిసలాట లేకుండా నిలిచింది.

లెక్క నకిలీదైనా అసలుదైనా, రెండు దేశాల్లోనూ అభిప్రాయం చెప్పడానికి కావలసింది ఇంటర్నెట్టే. ఇంటర్నెట్ లేనివాడి పేరు రెండు పక్షాలూ వాడుకున్నాయి, అతను మాత్రం ఏ పక్షం ఈమెయిల్‌లోనూ లేడు. 118 పేజీలు తెలుగులోనో గోండీలోనో వచ్చుంటే, ఈమెయిల్‌కు బదులు గ్రామసభలో అడిగుంటే, అసలు చర్చ సైట్ల సమానత్వం కంటే టవర్ దగ్గరే మొదలయ్యేదేమో.

## ఇప్పుడు నలుగుతున్న ప్రశ్న

టెలికాం కంపెనీల తాజా వాదన: మా రోడ్డు మీద సగానికి సగం బండ్లు నాలుగైదు పెద్ద కంపెనీలవే, కాబట్టి రోడ్డు ఖర్చులో వాళ్లూ వాటా ఇవ్వాలి. 2023 జూలైలో ట్రాయ్ విడుదల చేసిన చర్చాపత్రం మీద ఈ డిమాండ్ గట్టిగా వినిపించింది. వీడియో కంపెనీలు, నెట్ న్యూట్రాలిటీ సమర్థకులు దీన్ని ఒప్పుకోరు: వినియోగదారుడు డేటాకు ఒకసారి డబ్బు కట్టాడు, అదే డేటాకు అవతలి వైపు నుంచి మళ్లీ వసూలు చేయడమేమిటి, కట్టలేని చిన్న సైట్ గతేమిటి అంటారు. దక్షిణ కొరియాలో ఇలాంటి రుసుముల భారం మోయలేమంటూ ట్విచ్ అనే వీడియో సేవ 2024 ఫిబ్రవరిలో ఆ దేశం వదిలి వెళ్లింది.

సరిహద్దు జిల్లాల వైపు నుంచి చూస్తే, ఆ డబ్బు ఎవరి చేతికి పోతుందన్నదే తేడా. నేరుగా టెలికాం కంపెనీల ఖాతాలోకి వెళ్తే, జనం ఎక్కువున్నచోట నెట్‌వర్క్ పెంచుకోవడానికే వాళ్లకు లాభం. డిజిటల్ భారత్ నిధికి జమ చేయించాలన్న సూచనలు కూడా వచ్చాయి. అలా జరిగితే ఆ డబ్బు ఎక్కడ ఖర్చయిందని సిరొంచ తాలూకా జింగానూర్ వాళ్లో, మల్కన్‌గిరి వాళ్లో పార్లమెంటు సభ్యుణ్ని నిలదీసే వీలుంటుంది.